కొరికిన చోట సాస్

గురువారం. మధ్యాహ్నం మూడు నలభై.

ఒసాకా. షిన్‌సెకాయ్ సందులో యాసుయే కుషికత్సు కొట్టు. పుల్లకు గుచ్చి, పిండి పట్టించి, నూనెలో వేయించిన ముక్కలు తప్ప అక్కడ ఇంకేమీ దొరకవు. మొత్తం తొమ్మిది స్టూళ్లు.

నాలుగో స్టూలు కింద తొకుదా చచ్చిపడి ఉన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్లు. వెండి పూత వేసే ప్లేటింగ్ ఫ్యాక్టరీ యజమాని. ఈ కొట్టున్న భవనమూ అతనిదే.

ఇన్‌స్పెక్టర్ అరిమిచి నాలుగూ పదికి వచ్చాడు. అప్పటికే సబ్ ఇన్‌స్పెక్టర్ కనమోరి కేసు తేల్చేశాడు. టోక్యో నుంచి బదిలీ అయి వచ్చి అతనికి మూడు వారాలు.

"సైనైడ్ సార్. తింటూ వదిలేసిన పుల్ల మీద ఉంది. కిట్‌లో తేలింది."

"సాస్‌లో?"

"లేదు. ఈయనా, అటూ ఇటూ కూర్చున్న ఇద్దరూ ఒకే డబ్బాలో ముంచుకుని తిన్నారు. మిగతా ఇద్దరికీ ఏమీ కాలేదు. అంటే విషం ఆ ఒక్క పుల్లకే పెట్టారు. వేయించింది ఈ కొట్టు ఆవిడ. పళ్లెంలో పెట్టింది ఆవిడ."

"సైనైడ్ ఆవిడకెక్కడిది?"

"వెండి పూతకి సైనైడే వాడతారు. పొద్దున్నే ఈయన ఫ్యాక్టరీ ఊడ్చేది ఆవిడే. పైగా నెలాఖరుకి కొట్టు ఖాళీ చెయ్యమన్నాడట."

యాసుయే పొయ్యి దగ్గర నిలబడి ఉంది. అరవై మూడేళ్లు. చేతులకు పిండి ఎండిపోయింది. ఆ చేతులకు బేడీలు. విషం పెట్టిన కేసు ఉరి దాకా పోవచ్చని ఆమెకు తెలుసు.

"నేను చంపలేదు బాబూ. చంపాలంటే నా కొట్లో, నా చేతి తిండిలో పెడతానా?"

"అవన్నీ కోర్టులో చెప్పుకో. అయిదింటికి వ్యాన్ వస్తుంది," అన్నాడు కనమోరి.

అరిమిచి కౌంటర్ ముందు వంగాడు. తొకుదా పళ్లెంలో ఒకే పుల్ల. దానికి రెండు మాంసం ముక్కలు మిగిలాయి. పైముక్క సగం కొరికి ఉంది.



"ఏమయ్యా కనమోరీ, ఇది చూశావా?"

"చూశాను సార్. సగం తిన్న పుల్ల."

"కొరికిన చోట ఏముంది?"

"సాస్."

"కొరికాక ఎలా వచ్చింది?"

కనమోరి పుల్ల మీదికి వంగాడు.

అరిమిచి యాసుయే వైపు తిరిగాడు. "అమ్మా, ఇతను కొరికిన పుల్లని మళ్లీ ముంచాడా?"

అంత భయంలోనూ ఆమెకు కోపం వచ్చింది. "నా కొట్లోనా? ముంచితే పట్టకారుతో చెయ్యి విరగ్గొట్టనూ! యజమాని అయితే నాకేంటి? పదిమంది తినే సాస్ అది."

ఎడమ స్టూలు మీద టాక్సీ డ్రైవర్ హొరిఇకె అందుకున్నాడు. "నిజం సార్. నేనొకసారి తాగిన మైకంలో ముంచాను. మూడు నెలలు గుమ్మం తొక్కనివ్వలేదు మహాతల్లి."

"అయితే సాస్ ఎవరో పోశారు. మీరంతా ఎలా పోసుకుంటారు?"

"క్యాబేజీ ఆకుతో. ఆకుని దోసిలిలా పట్టుకుని డబ్బాలోంచి తోడి, పుల్ల మీద పోసుకుంటాం. ఆకు ఊరికేగా ఇస్తుంది."

అరిమిచి పళ్లేలన్నీ చూశాడు. హొరిఇకె పళ్లెంలో ఆకు తొడిమలు. తొకుదా పళ్లెంలో ఒక్క ఆకు ముక్క లేదు.

"ఆయన ముట్టడు. కట్టుడు పళ్లు," అంది యాసుయే.

"మరి ఈ పుల్ల మీద పోసిందెవరు?"

"నిషివాకీ," అన్నాడు హొరిఇకె, కుడి స్టూలు వైపు గడ్డం చూపిస్తూ.

"ఇందాక చెప్పలేదే?"

"అదీ చెప్పే విషయమేనా సార్? ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కదా. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనకి ఈయనే పోస్తున్నాడు. ఈ గోడకున్న మేకుని ఎవరైనా గమనిస్తారా?"

నిషివాకీ బీరు గ్లాసు కింద పెట్టాడు.

"ఆకుతో సాస్ తోడావు," అన్నాడు అరిమిచి. "డబ్బాలోంచి బయటికి తీశాక, చేతిలో ఉండగా విషం కలిపావు. అందుకే డబ్బా శుభ్రంగా ఉంది. సాస్ పోశావు. తర్వాత ఆ ఆకు తినలేవు, పళ్లెంలోనూ వదల్లేవు. కనమోరీ, వంటిల్లంతా వెతికావు. ఈయన జేబులు వెతికావా?"

కోటు లోపలి జేబులో, రుమాలు మడతలో, నలిగిన క్యాబేజీ ఆకు. కిట్ రంగు మారడానికి నిమిషం పట్టలేదు.

నాలుగూ నలభై ఎనిమిది.

"మూడేళ్ల కిందట," అన్నాడు నిషివాకీ, "నా భార్య ఆ ఫ్యాక్టరీలోనే కుప్పకూలింది. అంబులెన్స్ పిలవమంటే, ముందు పూత తొట్టిలో సరుకు పైకి రానీ అన్నాడు. ఇరవై నిమిషాలు. మీకు భార్య ఉందా సార్?"

"పోయింది."

"అయితే నా బాధ మీకు తెలుస్తుంది."

"వాణ్ణి ఎందుకు చంపావో తెలుస్తుంది. నేను వచ్చేసరికి ఈవిడ చేతులకి బేడీలున్నాయి. నువ్వు బీరు తాగుతున్నావు. అదెలా తాగగలిగావో నాకు తెలియదు. చెప్పు."



కనమోరి యాసుయే బేడీలు విప్పాడు. నిషివాకీ ఆమె వైపు తిరిగి, నుదురు కౌంటర్‌కి తగిలేలా వంగాడు.

"అక్కా, నన్ను..."

ఆమె మణికట్లు రుద్దుకుంటోంది. "మీ ఆవిడ పోయినప్పుడు, మైల నలభై తొమ్మిది రోజులూ నీకు అన్నం పంపాను."

"అక్కా, వాడొక్కడే పోవాలనుకున్నాను. నీ మీదికి వస్తుందనుకోలేదు."

"వచ్చాక చూశావుగా. మూడడుగుల దూరంలో కూర్చుని చూశావు."

ఆమె గ్యాస్ ఆపింది. సాస్ డబ్బా ఎత్తి సింకులో గుమ్మరించింది.

"తీసుకెళ్లండి బాబూ. నేను కొట్టు కడుక్కోవాలి."