చెలకలో నల్లని అడుగులు

"బిడ్డా, నా పోశాన్ని రేపు ఠాణా నుంచి ఎటో తీస్కపోతరట. గట్ల పోయినోళ్లు ఒక్కలు మళ్ల రాలే!"

కోరుట్లలో డిటెక్టివ్ రత్నమాల గడప మీద కూలబడింది దేవమ్మ. నక్సలైట్ అన్నలతో సంబంధం ఉందంటే చాలు, సాక్ష్యం అడిగే నాథుడు లేని రోజులవి. ఏ నేల ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో కొలిచి, ఉపగ్రహం తీసిన బొమ్మలతో పోల్చడానికి హైదరాబాద్ నుంచి శాస్త్రవేత్త జమున రాయికల్ దగ్గరి ఓ మెట్ట చెలకకు వచ్చింది. నిన్న పొద్దున ఆమె కొలత మిషన్ మాయమైంది. ఆ చెలక దున్నే పోశం దాన్ని అన్నలకు చేరవేశాడని ఆమె జీపు డ్రైవర్ వెంకటి చెప్పాడు. ఎస్సై పోశాన్ని జగిత్యాల ఠాణాలో వేశాడు.

"ఏడువకు పెద్దమ్మా. నీ కొడుకును తీస్కొనే వస్త," అంది రత్నమాల. ఏమీ చూడకముందే మాట ఇచ్చేసిందే అనుకున్నాడు సహాయకుడు ఆగయ్య.

వెంకటి సిరిసిల్ల మనిషి. చెలక తూర్పు గట్టు మీద, జీపు పక్కనే దొరికాడు.

"నువ్వేడ నిలబడ్డవ్?"

"గీడనే మేడం. గట్టు దిగనే లేదు. గుంటుక తోలి సదును జేసిన చెలకల అడుగులు నల్లగ, వరుసగ కనబడ్డయి. పోశం బాయి దిక్కు పోయిండని సమజైంది."

"పొద్దు ఎంతుండె?"

"అప్పుడే పొడిచింది."

రత్నమాల అక్కడే ఉన్న జమున వైపు తిరిగింది. "మీరు ఒక్క చెలకను నాలుగు దిక్కుల నుంచి ఎందుకు కొలుస్తరు?"

"ఎండ వీపున ఉంటే గడ్డల నీడలు వాటి వెనకే దాక్కుంటాయి, నేల తెల్లగా కనిపిస్తుంది. ఎండకు ఎదురుగా నిలబడితే నీడలన్నీ మనవైపే. మట్టి ఒకటే అయినా కొలత మారిపోతుంది."

రత్నమాల నవ్వింది. ఆగయ్యకు ఆ నవ్వు తెలుసు కానీ సంగతి అంతుబట్టలేదు. ఆమె ఎస్సైని పట్టుబట్టి ఒప్పించింది. మర్నాడు పొద్దు పొడిచేసరికి పోశంతో సహా అందరూ అక్కడ ఉండాలి, అప్పటిదాకా చెలకలో ఎవరూ కాలు పెట్టకూడదు.

మర్నాడు తూర్పు గట్టు మీద అందరూ నిలబడ్డారు.

"ఎస్సై గారూ, అడుగులు చూపెట్టుండ్రి."

ఎస్సై ఎంత వెతికినా ఒక్కటీ కనబడలేదు. చెలకంతా ఒకే తెలుపు. రత్నమాల వాళ్లను చుట్టూ తిప్పి పడమటి గట్టు మీదికి, బావి దగ్గరికి తీసుకెళ్లి వెనక్కి తిరగమంది. సూర్యుడికి ఎదురుగా చూస్తే అడుగుల వరుస నల్లగా తేలింది. రత్నమాల వెంకటి వైపు తిరిగింది.

"అడుగులు పోశంవే. ఎడ్లకు నీళ్ల కోసం రోజూ గిట్లనే వస్తడు. కానీ గవి నీకు నల్లగ కనబడ్డయంటే, వెంకటీ, నువ్వు నిలబడ్డది బాయి కాడ. గట్టు దిగలేదని ఎందుకన్నవ్?"

రత్నమాల బావి వైపు చేయి చూపింది. కానిస్టేబుళ్లు కొక్కెం వేసి బావి గాలిస్తే పగిలిన మిషన్ పైకి వచ్చింది.

"చెయ్యి జారి పడ్డది మేడం. కొలువు పోతదని బాయిల ఏసిన. అన్నల పేరు చెప్తే ఎవ్వలడుగరనుకున్న."

"నీ కొలువు కోసం ఇంకొకని పానం తీస్తవా?" అంది రత్నమాల కోపంగా.

ఎస్సై పోశం బేడీలు విప్పించాడు. కొడుకును చూడవచ్చిన దేవమ్మ తూర్పు గట్టు మీదే ఉండిపోయింది. పోశం చెలకకు అడ్డంపడి తల్లి దగ్గరికి పరుగెత్తాడు. వాడి అడుగులేవీ ఆమెకు అక్కడి నుంచి కనబడలేదు. కొడుకు కనబడ్డాడు.