చెవిచిప్పల గది

"మా నాన్నని నేనే చంపానేమో, అదొక్కటి తేల్చి చెప్పండి," అంది ఆ అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

నిదానం గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఎవరు ఎంత కంగారుతో వచ్చినా "నిదానం, నిదానం" అంటారు కనుక ఈ ప్రైవేటు డిటెక్టివ్‌కి ఆ పేరే స్థిరపడిపోయింది. ఎప్పుడూ ఆయన వెనకే తిరిగే సహాయకుణ్ణి వీధిలో వాళ్ళు తోక అనేవారు. అతనికి అందులో అవమానమేమీ కనిపించలేదు. నిదానం గారికి తోక కావడం కంటే గొప్ప ఉద్యోగం లోకంలో మరొకటి లేదని అతని నమ్మకం.

"నిదానమమ్మా. కూర్చుని మొదటి నుంచీ చెప్పు."

ఆమె కూర్చుంది. చేతులు మాత్రం ఒళ్ళో నిలవలేదు.

"మా నాన్న అబలోన్ చిప్పలు శుభ్రం చేస్తారండీ. చెవి ఆకారంలో ఉంటాయి, అంచున వరసగా చిల్లులు, లోపల ఇంద్రధనుస్సు రంగులు. మేం చెవిచిప్పలంటాం. సముద్రంలోంచి వచ్చినప్పుడు పైనంతా సున్నపు పెచ్చు, నాచు పట్టి వికారంగా ఉంటాయి. వాటిని మ్యూజియంలో అద్దాల బీరువాల్లో పెట్టేలా తయారు చేస్తారు. నాచు పోవడానికి గదిలో నీలం తొట్టి, అందులో బ్లీచింగ్ నీళ్ళు. పెచ్చు కరగడానికి యాసిడ్. ఆ రెండూ కలిస్తే పుట్టే పొగకి మనిషి బతకడు. అందుకే యాసిడ్ పని ఎప్పుడూ పెరట్లోనే. గుమ్మం దాటి లోపలికి రానివ్వరు."

"మరి మొన్న?"

"మొన్న పొద్దున తొట్టిలో బ్లీచింగ్ చిక్కగా ఉంది, నీళ్ళ డబ్బా పట్రామ్మా అన్నారు. ఫోన్ మాట్లాడుతూనే పెరట్లోంచి తెచ్చి, ఆయన పీట పక్కన పెట్టి వచ్చేశాను. నీళ్ళవీ యాసిడ్‌వీ రెండూ తెల్ల డబ్బాలే. పక్కపక్కనే ఉంటాయి. కాసేపటికి బాబాయి కేక పెట్టాడు. పరిగెత్తుకెళ్తే నాన్న నేల మీద పడున్నారు. గదిలో యాసిడ్ డబ్బా ఖాళీగా ఉంది. అది లోపలికి ఎవరు తెచ్చారని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. నేను ఏమని చెప్పను? నాకే తెలీదు!"

గొంతు తగ్గించి అంది. "అందరూ నన్ను రాయి అంటున్నారు. ఏడుపు రావట్లేదండీ. నా చేత్తోనే పోయుంటే ఏడిచే హక్కు నాకెక్కడిది?"

తోక కిటికీ వైపు తిరిగాడు. నిదానం గారు గొడుగు అందుకున్నారు.

*

ఆ ఇల్లు ముందు వైపు దుకాణం, మధ్యలో కాపురం, వెనక పనిగదీ పెరడూ. దుకాణంలో దీపాలన్నీ వెలుగుతున్నా ఎందుకో అక్కడ నిలబడాలనిపించలేదు. గోడల నిండా చెవిచిప్పలు. ఇంట్లో ప్రతి మాటనీ అవి వింటున్నట్టు తోకకి అనిపించింది. పైకి అంటే నవ్వుతారని ఊరుకున్నాడు.

దుకాణం చూసుకునేది చనిపోయిన పెద్దాయన తమ్ముడు, ఆ అమ్మాయికి బాబాయి. కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి, మాట మాటకీ దగ్గుతున్నాడు.

"వసారాలోకి వచ్చేసరికి ఘాటు ముక్కుకి కొట్టిందండీ," అన్నాడు. "అన్నయ్యా అని పిలిచాను, పలకలేదు. తలుపు బిగుసుకుపోయింది. భుజంతో గట్టిగా నెట్టి, తెరుచుకుని లోపలికి పడ్డాను. ఇవిగో కళ్ళు, అప్పుడు పాడైనవే. అమ్మాయిని ఏమీ అనకండి. పరధ్యానం ఎవరికైనా ఉంటుంది. లేదా అన్నయ్యే గదిలో యాసిడ్ పని పెట్టుకున్నాడేమో! వయసు మీదపడింది కదా, మతిమరుపు."

"పాపం," అన్నారు నిదానం గారు. అది ఎవరి గురించో తోకకి అర్థం కాలేదు.

పనిగది తలుపు పిడి పట్టుకుని ఆయన తన వైపు లాగారు. అది కిర్రుమంటూ వసారాలోకి తెరుచుకుంది. తలుపు బయటి వైపు, కింది భాగంలో తెల్లని గీతలున్నాయి. గడప దగ్గర నేల మీద ఇసుకలాంటి సున్నపు పొడి. ఆయన వంగి దాన్ని వేలితో నలిపి చూశారు.

లోపల ఘాటు ఇంకా పూర్తిగా పోలేదు. పీల్చిన గాలి ఛాతీలో గుచ్చుకుంది. పెద్దాయన పీట గోడవారన అలాగే ఉంది. దాని పక్కన నీలం తొట్టి, ఖాళీ యాసిడ్ డబ్బా. పీట వెనక మూలకి జరిగి మరో తెల్ల డబ్బా. తోక మూత తీసి వాసన చూశాడు. నీళ్ళు, నిండుగా ఉన్నాయి.

బల్ల మీద ఎనామిల్ పళ్ళెంలో అరచేతికి మించిన ఎర్ర చెవిచిప్ప ఒకటుంది. పైపెచ్చు కరిగింది. తిప్పి చూస్తే లోపల రంగులు లేవు. సుద్దముక్కలా తెల్లబడింది.

"ఈ కిటికీ?" అన్నారు నిదానం గారు.

"ఎండైనా వానైనా తీసే ఉంచేవారు," అంది ఆ అమ్మాయి గుమ్మం బయటే నిలబడి. "ఆ రోజు మూసుంది."

పెరట్లో ఆమె భర్త ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పచ్చి చిప్పల గోతాలు గోడకి ఆనించి ఉన్నాయి. యాసిడ్ పనంతా తనదేనని అతను దాచకుండా చెప్పాడు.

"ముందురోజు మావయ్యకీ నాకూ గొడవైంది. రాపిడి మిషను కొందామన్నాను. ఆ దుమ్ము నీ ఊపిరితిత్తుల్ని తినేస్తుందిరా, బ్రష్షే పట్టుకో అని కేకలేశారు. ఇన్‌స్పెక్టర్ గారికి ఈ గొడవ సంగతి తెలుసు. ఇక ఆయనకి నేనో, మా ఆవిడో, ఎవరో ఒకరం చాలు."

"యాసిడ్ పని ఎలా చేస్తావు బాబూ?"

అతను పొయ్యి మీది గిన్నె చూపించాడు. అడుగున గడ్డకట్టిన మైనం ఉంది. "ముందు ఇది కరిగించి లోపలి వైపంతా పూస్తాం. చిల్లులూ మూసేస్తాం. అప్పుడే యాసిడ్. కడిగాక మైనం ఒలిచేసి నూనె రుద్దుతాం. అంతే. వార్నిష్ మాత్రం మా మావయ్య చస్తే ముట్టనివ్వరు." ఆ మాట నోట్లోంచి వచ్చాక అతను తల వంచుకున్నాడు.

తిరిగి వెళ్తూ నిదానం గారు పనిగది అలమరలో ఒక చిప్పని చేతిలోకి తీసుకున్నారు. పసుపుబారిపోయి ఉంది. గోటితో గీకితే పల్చని పొర ఉల్లిపొరలా లేచి వచ్చింది.

"అది మ్యూజియం నుంచి వెనక్కొచ్చిందండీ," అంది ఆ అమ్మాయి. "అది చూసి నాన్న అన్నం మానేశారు. నా పేరు మీద ఈ పని ఎవరు చేశారో తేలుస్తాను, రేపే మ్యూజియానికి వెళ్ళి అన్నీ వెనక్కి తీసుకుంటాను అన్నారు. ఆ రేపు రాలేదు."

*

మర్నాడు అందర్నీ పెరట్లోకి పిలిపించారు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. ఆకాశం మూసుకుని ఉంది, ఆకు కదలడం లేదు. బల్ల మీద మూడు చిప్పలు, యాసిడ్ పళ్ళెం, చేతి తొడుగులు, బ్రష్షులు, పొయ్యి మీద మైనం గిన్నె.

"పెద్దాయన యాసిడ్ పని ఎలా చేసేవారో ముగ్గురూ చేసి చూపించాలి," అన్నారు నిదానం గారు, తర్వాత బాబాయి వైపు తిరిగారు. "చిన్నవాళ్ళని చూసి నేర్చుకునే ఖర్మ మీకెందుకు? ముందు మీరే కానివ్వండి."

బాబాయి నవ్వాడు. "నాకు రాదనుకున్నారా? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఈ చిప్పల మధ్యే కదండీ."

తొడుగులు వేసుకుని, ఒక చిప్పని ఎత్తి నేరుగా యాసిడ్‌లో దించాడు. అది బుసబుసమని పొంగింది.

"బాబాయ్! మైనం!" అని అరిచింది ఆ అమ్మాయి. ఆమె చెయ్యి అప్పటికే మైనం గిన్నె మీద ఉంది. ఆమె భర్త చెయ్యి కూడా.

పళ్ళెంలో నురగ ఒక్కటే చప్పుడు చేస్తోంది.

"ఈ ఇంట్లో ఈ పనిలో చెయ్యి పెట్టిన వాళ్ళెవరూ మైనం మర్చిపోరు," అన్నారు నిదానం గారు. "మతి పోయినా చేతులు మర్చిపోవు. ఇన్‌స్పెక్టర్ గారూ, పెద్దాయనే గదిలో యాసిడ్ పని పెట్టుకుని ఉంటే ఆ ఎర్ర చిప్పకి మైనం ఉండేది. అల్లుడు పెట్టినా ఉండేది, కూతురు పెట్టినా ఉండేది. పోనీ, అమ్మాయి పొరపాటున యాసిడ్ డబ్బా తెచ్చింది, ఆయన నీళ్ళనుకుని తొట్టిలో పోశారు అనుకుందాం. అప్పుడు చిప్ప యాసిడ్ పళ్ళెంలోకి ఎందుకు వెళ్తుంది? ఆ పళ్ళెం ఎవరో తర్వాత సర్దినది. సర్దినవాడికి పూర్తయిన చిప్పలు అమ్మడమే తెలుసు. తయారవడం ఏనాడూ నిలబడి చూడలేదు."

"ఇదేం న్యాయమండీ?" బాబాయి గొంతు పైకి లేచింది. "మైనం పూయనంత మాత్రాన హంతకుణ్ణా? ప్రాణాలకి తెగించి లోపలికి వెళ్ళింది నేను!"

"భుజంతో నెట్టుకుని వెళ్ళారు కదూ?"

"అవును!"

"ఆ తలుపు బయటికి తెరుచుకుంటుందండీ. నెడితే ఇంకా బిగుస్తుంది."

బాబాయి తొడుగులు లాగి బల్ల మీద పడేశాడు. ఇన్‌స్పెక్టరు గడియారం సంగతి మర్చిపోయాడు.

"దుకాణం నుంచి మ్యూజియానికి చిప్పలు పంపేది మీరే. చప్పున మెరవాలని వాటికి వార్నిష్ కొట్టి అన్నగారి పేరుతో ఇచ్చింది మీరు. ఆయన వెళ్ళి చెబితే ఊళ్ళో తలెత్తుకోలేరు. అందుకని మంచిగా మాట్లాడుతూ గదిలోకి వచ్చారు. చలిగాలి అని కిటికీ వేశారు. నేను కలుపుతాలే అన్నయ్యా అని యాసిడ్ డబ్బా తొట్టిలో ఒంపి బయటపడ్డారు. తలుపు మూసి చిప్పల గోతం అడ్డం లాగారు. ఆ పొడి గడప దగ్గర ఇంకా ఉంది. లోపల చప్పుడు ఆగేదాకా ఇవతల నిలబడి విన్నారు. తర్వాత గోతం తీసేసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి, అన్నగారే యాసిడ్ పని పెట్టుకున్నట్టు కనిపించాలని మిగిలిన యాసిడ్‌తో పళ్ళెం సర్దారు. కళ్ళు ఎర్రబడింది అప్పుడు."

"పెద్దగా ఏం కాదనుకున్నాను," అన్నాడు బాబాయి, ఎవరి వైపూ చూడకుండా. "మంచాన పడతాడు, నాలుగు రోజులు నోరు మూసుకుంటాడు అనుకున్నాను." ఇన్‌స్పెక్టరు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అతను దగ్గుతూ నడిచాడు. ఆ దగ్గు దుకాణం దాటి వీధిలోకి వెళ్ళేదాకా వినిపిస్తూనే ఉంది.

ఆ అమ్మాయి మాత్రం కదల్లేదు.

"కానీ నేను తెచ్చిన డబ్బా?" అంది. "నేను తెచ్చింది యాసిడే అయ్యుంటే? బాబాయి ఒంపింది అదే అయితే?"

నిదానం గారు ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"నువ్వు తెచ్చింది ఎన్ని డబ్బాలమ్మా?"

"ఒక్కటే."

"గదిలో ఉన్నవి రెండు. ఒకటి ఖాళీ యాసిడ్ డబ్బా. ఇంకోటి మీ నాన్న పీట వెనక, నిండా నీళ్ళతో. నువ్వు యాసిడ్ తెచ్చి ఉంటే నీళ్ళ డబ్బా ఎవరు తెచ్చినట్టు? మీ బాబాయి పోయడానికి వచ్చాడు కానీ, అన్నకి నీళ్ళు అందించడానికి రాలేదు కదా. నాన్న అడిగిందే తెచ్చావమ్మా నువ్వు. పీట పక్కన పెట్టావు. ఆయనకి వాడుకునే వ్యవధి దొరకలేదు, అంతే."

ఆమె చాలాసేపు తన అరచేతులకేసి చూసుకుంది. తర్వాత లేచి, మూడు రోజులుగా గడప తొక్కని ఆ గదిలోకి వెళ్ళింది. ఆమె భర్త లేవబోతే నిదానం గారు చేత్తో ఆపారు.

లోపల నీళ్ళ డబ్బా మూత తీసిన చప్పుడైంది. పాడైపోయిన ఎర్ర చిప్పని కడుగుతున్నట్టుంది. కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది.

"నాన్నా..." అంటూ ఆమె బావురుమంది.

తోక కళ్ళు తుడుచుకుని, పదండి వెళ్దాం అన్నట్టు గొడుగు తీశాడు.

"నిదానం," అన్నారు నిదానం గారు. "ముందు ఆ పిల్లని తనివితీరా ఏడవనివ్వు."