తూకం సున్నా వేసిన మాట

పదకొండుకల్లా విలేకరి జులేఖ, నీళ్ల పండితుడు మాలకొండయ్య గారి గొంతులోంచి పద్నాలుగు దగ్గులు, ముప్ఫై ఒక్క 'అంటే'లు తీసేసింది. మిగతా పని, మాట ఎంత ఖాయంగా ఉందో అంకె వేసే తూకం అనే యంత్రానిది. తెర మీద ఒక్కో వాక్యం కింద అంకె వెలుగుతోంది. తొంభై నాలుగు, తొంభై ఏడు, తొంభై ఒకటి. తొంభైకి తగ్గిన వాక్యం పాడ్‌కాస్ట్‌లోకి పోదు. దాన్ని స్వరపూరకం తీసుకుని, పండితుడి పాత ప్రసంగాలన్నీ గాలించి, అదే గొంతుతో గట్టి వాక్యం ఒకటి అల్లి అక్కడ అతికిస్తుంది. ఆ అతుకు మాట్లాడిన మనిషికే తెలియదు, ఇంక వినేవాళ్ల సంగతి చెప్పాలా!

ప్రతి పాడ్‌కాస్ట్‌కూ ఒక పండితుడు, ఒక విలేకరి. విషయానికి ఆయన పూచీ, మాటకు ఈమె పూచీ. ఇద్దరూ బొటనవేలు ఆనిస్తే జంటముద్ర పడుతుంది. సాయంత్రం ఐదింటికి నలభై ఊళ్ల పలుకుస్తంభాలు మాట్లాడతాయి. చివరిదాకా విన్నాకే ముద్ర వేయాలని నియమం. వినకుండా ముందే వేసేసి వేరే పని చూసుకోవడం అందరి అలవాటు. జులేఖ కూడా ఆరేళ్లుగా అంతే.

ఆ రోజు ఎందుకో నాలుగున్నరకు టీ తాగుతూ వినబుద్ధయింది.

"మన నలభై ఊళ్ల కొత్త బోర్ల నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు," అంటోంది మాలకొండయ్య గారి గొంతు.

జులేఖ గ్లాసు కింద పెట్టింది. రికార్డింగు రోజు ఈ మాట దగ్గరే ఆయన చాలాసేపు తల గోక్కున్నారు. వెంటనే ఫోన్ చేసింది.

"సార్, కొత్త బోర్ల నీళ్లు తాగొచ్చన్నారా మీరు?"

"నేనెప్పుడన్నానమ్మా? మొదటి పరీక్షలో ఫ్లోరైడు ఎక్కువొచ్చింది. రెండోది ఇంకా రాలేదు, తెలీదు అన్నా గదా!"

"మీ గొంతే సార్. తాగొచ్చంటా ఉంది. ఐదింటికి పోతుంది."

"ఓరి దేవుడా! మన మాట ఇనంగానే మోటార్లు ఏస్తారమ్మాయ్. పసిబిడ్డల ఎముకలు వంకర్లు పోతాయి. తప్పు నాది. నేనూ ఇనకుండానే ఏలు పెట్టినా."

ఆయన 'తెలీదు' ఖాయమైన మాట కాదని తూకమే దానికి సున్నా వేసి, పూరకం చేతికిచ్చేసింది.

ఒక్కో ఊరికీ ఫోన్ చేసే వ్యవధి లేదు. ముద్ర వెనక్కి తీసుకుంటే మాత్రం స్తంభాలు నేరుగా, అప్పటికప్పుడు మాట్లాడే గొంతుకు తెరుచుకుంటాయి. తీసుకున్న విలేకరి ఏడాదిపాటు మళ్లీ ముద్ర వేయకూడదు. ఇంతవరకూ ఏ విలేకరీ ఆ పని చేయలేదు. ఈ ఉద్యోగమంటే జులేఖకు ప్రాణం. భయం వేయలేదంటే అబద్ధమే అవుతుంది.

"సార్, ఫోన్ పెట్టేయబాకండి, ఐదింటికి స్తంభాల్లో నేరుగా మీరే చెప్పాల," అని, నాలుగూ యాభై ఎనిమిదికి బొటనవేలు ఆనించి ముద్ర లాగేసుకుంది.

ఐదింటికి నలభై ఊళ్లలో ముందుగా ఒక దగ్గు వినిపించింది.

"అంటే... నేను మాలకొండయ్యను. కొత్త బోర్ల నీళ్లు తాగొచ్చో లేదో నాకు తెలీదు. పరీక్ష రాలేదు. వచ్చిందాకా తాగబాకండి. అంతే."

జులేఖ తెర మీద ఏడాది నిషేధానికి గుర్తుగా ఆమె పేరు బూడిదరంగుకు మారింది. ఐదూ పదికి ఇంకో కాల్ వస్తే, సార్‌ను లైనులోనే ఉంచి కలిపింది. ఎర్రపాయ సర్పంచ్ తిరుపాలమ్మ.

"ఏందమ్మా ఇది! బిందెలు వరసన పెట్టుకోని కూచోనుంటే ఇట్టా చెప్తిరి?"

"మోటారు ఏశారా అక్కా?" అడిగింది జులేఖ.

"యాడ ఏస్తాం? ఆ సారు తెలీదనంగా ఇనడం నా వయసుకి ఇదే మొదలు. ఫ్యూజు పీకి కొంగున కట్టుకున్నా. పక్కూళ్లోళ్లు కూడా ఆపినారంట."

"బతికించావు తల్లీ," అన్నారు లైనులోనే ఉన్న మాలకొండయ్య గారు. ఆయన ఏడుస్తున్నారో నవ్వుతున్నారో జులేఖకు తెలియలేదు. ఆమె మాత్రం ఏడుస్తూనే పకపకా నవ్వేసింది.

పక్క గదిలో పత్తి పురుగుల పాడ్‌కాస్ట్ చేసే విలేకరి దానయ్య తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"అక్కా, మా పురుగుల మేడం కూడా మొన్న రికార్డింగులో తెలీదనే అనింది. అది ఎక్కడ పోయిందో చూడాల. ముద్ర వెనక్కి ఎట్టా తీసుకుంటారు?"

జులేఖ కళ్లు తుడుచుకుని చూపించింది. ఆరు గంటలకల్లా మిగతా విలేకరులవి పంతొమ్మిది ముద్రలు వెనక్కి వచ్చాయి.