తడిక లోపలి తీగ

1994 ఫిబ్రవరి 18, శుక్రవారం.

ద్రాక్ష పందిరి కింద, ఏడో వరసలో నరసింహారావు బోర్లా పడి ఉన్నాడు. నోటి దగ్గర నురగ. కుడిచేతికి జానెడు దూరంలో స్టీలు గ్లాసు దొర్లి ఉంది. నెత్తిమీద గుత్తులు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. ఇంకో ఇరవై రోజుల్లో కోత.

ఎస్సై ప్రకాశం వాచీ చూశాడు. 8.15.

"ప్రాణం ఎప్పుడు పోయింది?"

"ఏడుకి కాస్త ముందు సార్," అన్నాడు కానిస్టేబుల్ పున్నయ్య. "ఆరింటికి మజ్జిగ తాగాడంట. పావుగంటకే వణుకు మొదలైంది. తోటలో పనిచేసే దేవకుమారి డాక్టరు కోసం పరిగెత్తింది. ఆయన్ని తీసుకొచ్చేసరికి అయిపోయింది."

ప్రకాశం గ్లాసు వాసన చూశాడు. పురుగుమందు.

అదీ విడ్డూరం. ఈ తోటలో పురుగుమందేంటి? ఆరేళ్ళ కిందట నరసింహారావు ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ గొయ్యి తీసి పాతేశాడని బాపట్లలో ఎవర్నడిగినా చెబుతారు. అప్పట్నుంచి ఆయన ఎరువుల కొట్టు వైపు తొంగిచూడలేదు. వరసల మధ్య పచ్చిరొట్ట ఎరువుకి పిల్లిపెసర చల్లేవాడు. పూతకొచ్చాక కోసి అక్కడే పరిచేవాడు. వేపపిండి వేసేవాడు, గొర్రెల మంద కట్టించేవాడు. ఎండుటాకు ఒక్కటి కూడా తోట దాటనిచ్చేవాడు కాదు. వట్టి ఇసుక దిబ్బ ఆ ఆరేళ్ళలో నల్లటి మన్నైంది. పిచ్చివాడని నవ్వినవాళ్ళే తర్వాత వచ్చి పండ్లు అడిగి పట్టుకెళ్ళారు.

తోటకి మూడు పక్కలా రొయ్యల చెరువులు. అన్నీ తమ్ముడు వెంకటకృష్ణయ్యవి. నాలుగో పక్క కాలువ. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఒకటే గట్టు. చెరువుల మీద మోటార్లు రాత్రీ పగలూ మోగుతూనే ఉంటాయి. అక్కడ నిలబడిన కాసేపటికే ప్రకాశానికి ఊపిరాడనట్టయింది. ఈ చెరువుల మధ్యలో ఎలా ఉంటున్నారో అనుకున్నాడు.

తోట మధ్యలోనే ఇల్లు. వీధి వసారాలో నరసింహారావు భార్య హైమావతి గోడకి ఆనుకుని కూర్చుంది. ఏడవడం లేదు.

"మజ్జిగ ఎవరు కలిపారమ్మా?"

"నేనే. అల్లం, ఇంగువ వేసి. రోజూ ఇచ్చేదే."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"దేవకుమారి. పెరటి తడిక దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. నేను చెంబుతో పోస్తాను. నేను పోసింది మంచి మజ్జిగేనండి. దారిలో అది ఏం కలిపిందో నాకేం తెలుసు?"

"ఆమెకి ఆయన మీద కోపమా?"

"మొన్న ఎండుటాకులు తగలబెట్టిందని నలుగురిలో తిట్టారు."

మంచినీళ్ళు కావాలన్నాడు పున్నయ్య. ఆవిడ లేచింది. లోపలికి వెళ్ళబోతూ ఆగి, "మీ ఇంటిపేరేంటండి?" అని ప్రకాశాన్ని అడిగింది. చెప్పాడు. పున్నయ్యకి స్టీలు చెంబుతో నీళ్ళొచ్చాయి. ప్రకాశానికి కిటికీలో విడిగా బోర్లించి ఉన్న గాజు గ్లాసులో వచ్చాయి.

దాహం లేదన్నాడు ప్రకాశం. ఒంటి మీద యూనిఫాం ఉన్నా ఆ గ్లాసు తప్పలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట కేసులోకి రాకూడదని తనకి తనే చెప్పుకున్నాడు.

మధ్యాహ్నం 3 గంటలకి సోదా చేశారు. దేవకుమారి గుడిసె తోట చివర ఉంది. దాని చూరులో పాత ఎండ్రిన్ పురుగుమందు సీసా దొరికింది. సాయంత్రం 5 గంటలకి ఆమెను అరెస్టు చేశారు.

కేసు అయిపోయిందన్నారు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గారు.

* * *

శనివారం ఉదయం 11.20. సర్కిల్ గారి గది.

"నాలుగింటికల్లా ఆమెను మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. రిమాండ్ రిపోర్టు ఏదయ్యా?"

"ఒక్కసారి మళ్ళీ తోట చూసొస్తాను సార్. సీసా మీద దుమ్ము పేరుకుని ఉంది. చూరులో ఉన్న సీసాకి మసి పట్టాలి, దుమ్ము కాదు. ఎక్కడో అటక మీద ఉన్నది తెచ్చి పెట్టినట్టుంది."

"దుమ్ము చూపిస్తే కోర్టు నమ్ముతుందా? ల్యాబ్ రిపోర్టు రావడానికి నెల పడుతుంది." ఆయన గొంతు తగ్గించారు. "ప్రకాశం, ఆమె మీ చర్చి మనిషంట కదా. నువ్వు నాన్చుతున్నావని ఊళ్ళో అప్పుడే అంటున్నారు. నీ ఉద్యోగం సంగతి చూసుకో."

చర్చి సంగతి నిజమే. ఆదివారం పూట దేవకుమారి మూడో బల్లలో కూర్చుంటుంది. చిన్నప్పుడు ప్రకాశానికి క్రిస్మస్ పాటలు నేర్పింది ఆవిడే. ఆమెను వదిలితే తనవాళ్ళని కాపాడుకున్నాడంటారు. వదలకపోతే ఒక అమాయకురాలు జైలుకి పోతుంది. ఎటు కదిలినా ఇరుకే.

లాకప్‌లో ఆమె గోడ వైపు తిరిగి కూర్చుంది.

"దేవకుమారమ్మా, గ్లాసు ఇంకెవరైనా ముట్టుకున్నారా?"

"లేదు బాబూ. నా చేత్తోనే తీసుకున్నాను, నా చేత్తోనే ఇచ్చాను. అయ్యగారికి జలుబు. 'ఇవాళ వాసనే తెలీట్లేదే దేవకుమారీ' అంటూ గటగటా తాగేశారు. అడుగున కాస్త ఉండగా గ్లాసు చెయ్యి జారింది."

"ఆ కాస్తా ఎక్కడ పడింది?"

"పాదులోనే అండి." ఆమె మొహం తిప్పింది. కళ్ళు వాచి ఉన్నాయి. "అయ్యగారు రోజూ పొద్దున్నే ఒక పాదులో ఆకులు లేపి చూసేవారు. వానపాములు కదులుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వేవారు. మందుచుక్క తగిలితే ముందు చచ్చేవి అవే బాబూ. పైకొచ్చి చస్తాయి."

ప్రకాశం చటుక్కున లేచాడు. జీపు తాళాలు తీసుకున్నాడు.

* * *

గట్టు మొదట్లోనే వెంకటకృష్ణయ్య ఎదురయ్యాడు. జీపు ఆపాడు ప్రకాశం.

"ఉప్పునీటి కాలువకి మీ అన్న తోటలోంచి దారి అడిగారట?"

"అడిగాను. ఉప్పు దిగితే మన్ను చస్తుందన్నాడు. ఇవ్వనన్నాడు."

"కోపం రాలేదా?"

"రాకేం? కానీ మూడేళ్ళుగా తోటలో అడుగు పెట్టలేదండి. నిన్న పొద్దున నేను రేపల్లెలో ఉన్నాను. రొయ్య పిల్లలు కొనే చోట పదిమంది చూశారు. కనుక్కోండి."

"మీ వదినతో మాటలున్నాయా?"

వెంకటకృష్ణయ్య నేల చూపులు చూశాడు. "పోయిన నెల తెనాలి పెళ్ళిలో కనబడింది. అన్నయ్యని ఒప్పించు, తెనాల్లో ఇల్లు కట్టిస్తానన్నాను. ఆవిడ పుట్టిల్లు తెనాలేగా. ఏమీ అనలేదు. కళ్ళు తుడుచుకుంది."

12.40. ప్రకాశం ఏడో వరసలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గ్లాసు దొర్లిన పాదులో ఆకులు లేపాడు. పది పన్నెండు వానపాములు తెల్లగా పాలిపోయి చచ్చి ఉన్నాయి. వాటిని చీమలు కూడా ముట్టలేదు. పక్క పాదు చూశాడు. బతికే ఉన్నాయి. ఆ పక్కదీ అంతే. ఏడో వరస నుంచి పెరటి తడిక దాకా, దేవకుమారి నడిచిన దారంతా ఒక్కో పాదూ చూశాడు. ఎక్కడా చచ్చినవి లేవు.

తడిక దగ్గర ఆగాడు. లోపల తడికకి ఆనుకుని, వంటింటి గోడ పక్కన ఒంటరిగా ఒక ద్రాక్ష తీగ ఉంది. తడిక కింద నుంచి చెయ్యి పోనిచ్చి, దాని పాదులో నాలుగు ఆకులు తప్పించి చూశాడు. మళ్ళీ కప్పేశాడు.

"ఏం సార్?" అన్నాడు పున్నయ్య.

"ఇక్కడే కాపలా ఉండు. ఈ తీగ దగ్గరికి ఎవర్నీ రానివ్వకు. నేను సర్కిల్ గారిని తీసుకొస్తాను."

* * *

2.50. పెరట్లో అందరూ ఉన్నారు. సర్కిల్ గారు విసుగ్గా వాచీ చూసుకుంటున్నారు. వెంకటకృష్ణయ్య గోడవారన నిలబడ్డాడు. హైమావతి వంటింటి గుమ్మంలో ఉంది. కోర్టుకి తీసుకెళ్ళబోయే ముందు దేవకుమారిని ఇక్కడికి తెచ్చారు. ఆమె అలవాటుగా తడిక బయటే నిలబడింది.

"పది నిమిషాలిస్తున్నాను," అన్నారు సర్కిల్ గారు.

"చాలు సార్." ప్రకాశం హైమావతి వైపు తిరిగాడు. "అమ్మా, ఈ తీగ ఎవరు పెంచారు?"

"నేనే. తోటంతా ఆయనది. ఇదొక్కటీ నాది."

"నీళ్ళు?"

"పనిగట్టుకుని పోసేదేముంది? గిన్నెలు కడిగినవి, బియ్యం కడిగినవి, అన్నీ దీనికే. చుక్క బయట పారబోస్తే ఆయన ఊరుకునేవారు కాదు. ఆరేళ్ళు పోరాక నాకూ చెయ్యి అలవాటైపోయింది."

"నిన్న పొద్దున మజ్జిగ చెంబు కడిగారా?"

"కడిగాను."

"ఆ నీళ్ళు?"

"దీనికే."

"దీనికి ఇంకెవరైనా నీళ్ళు పోస్తారా?"

"ఇంకెవరున్నారు ఇంట్లో?"

"దేవకుమారి?"

హైమావతి గొంతు పెరిగింది. "అది తడిక దాటదు. పన్నెండేళ్ళలో ఒక్కసారి దాటలేదు. నేను దాటనివ్వలేదు. అడగండి దాన్నే."

"నిన్న కూడా?"

"నిన్నా అంతే. పైనుంచే పోశాను."

"పున్నయ్యా, రాసుకున్నావా?"

"రాశాను సార్."

ప్రకాశం తీగ మొదట్లో కూర్చుని ఆకులన్నీ రెండు చేతులా పక్కకి నెట్టాడు.

గుప్పెడు వానపాములు. అన్నీ చచ్చినవే.

దూరంగా మోటార్లు మోగుతున్నాయి.

"సార్, ఈ తోటలో విషం రెండే చోట్ల పడింది. ఒకటి గ్లాసు జారిన చోట. రెండోది ఇక్కడ. గ్లాసు ఇంట్లోకి రాలేదు. దేవకుమారీ రాలేదు. దారిలో మందు కలిపి ఉంటే, ఈవిడ లోపలే కడిగిన చెంబు నీళ్ళలోకి అదెలా వచ్చింది? మందు కలిసింది చెంబులో. అటక మీద ఒక్క పాత సీసా మిగిలిపోయింది. దేవకుమారి డాక్టరు కోసం పోయిన ముప్పావుగంటలో అది గుడిసె చూరు చేరింది. మీ ఎదురుగా ఇక్కడి మన్ను సీలు చేస్తాను. ల్యాబ్ చెబుతుంది."

సర్కిల్ గారు వంగి పాదులోకి చూశారు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

హైమావతి గుమ్మంలోనే కూలబడింది.

"ఎందుకమ్మా?" అన్నాడు ప్రకాశం. ఆ అడగడంలో పోలీసుతనం లేదు.

"పద్దెనిమిదేళ్ళ పిల్లని తెనాలి నుంచి తెచ్చి ఈ దిబ్బ మీద వదిలారు బాబూ. చుట్టూ నీళ్ళు. మాట్లాడే మనిషి లేడు. తోట ఇచ్చేసి పోదామని కాళ్ళు పట్టుకున్నాను. మన్ను చస్తుందన్నారు. రోజూ పొద్దున్నే ఆకులు లేపి వానపాములు బతికున్నాయో లేదో చూసుకునేవారు. నేను బతికున్నానో లేదో ఒక్కరోజు చూడలేదు."

ప్రకాశానికి జాలేసింది. నిన్నటి గాజు గ్లాసూ గుర్తొచ్చింది. ఆ రెండూ ఒకేసారి మనసులో ఉండటం అతనికి బాధగానే ఉంది.

3.25కి మన్ను కవర్లకి సీళ్ళు పడ్డాయి. దేవకుమారి చేతి బేడీలు తీశారు. వాటినే హైమావతికి వేసి జీపెక్కించారు.

దేవకుమారి ఇంటికి పోలేదు. గుడిసె నుంచి పార, తట్ట తెచ్చుకుంది.

"ఆ తీగ పాదు మన్ను తీసెయ్యాలి బాబూ. ఉంచితే విషం కిందకి దిగుద్ది. అయ్యగారు ఉంటే ఒక్క పూట ఆగేవారు కాదు."

"తియ్యమ్మా. మాకు కావాల్సింది తీసుకున్నాం."

ఆమె తడిక దాకా వెళ్ళింది. ఆగిపోయింది. తలుపు తీసే ఉంది. అయినా కాలు ముందుకి పడలేదు. పార పట్టుకుని అక్కడే నిలబడింది.

"లోపలికి వెళ్ళమ్మా," అన్నాడు ప్రకాశం.

"వెళ్ళాలనే ఉంది బాబూ. కాలు రావట్లేదు."

జీపు స్టార్టయింది. వెనక సీట్లో హైమావతి తల తిప్పి ఆమెను చూసింది. ఆ తీగనీ చూసింది.

"వెళ్ళవే దేవకుమారీ," అంది. "అది కూడా చచ్చిపోద్ది."

దేవకుమారి తడిక దాటింది.