మారెప్ప నడుముకు ముందుగంట

బావమరిది తిప్పేస్వామి అమ్మిన రోగపు పొట్టేలు వల్ల మారెప్ప మంద సగానికి సగం పోయి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లూ మారెప్ప అతని గడప తొక్కలేదు. పెళ్లికి పిలిస్తే పోలేదు, ఊళ్లో చావు దగ్గర ఎదురుపడినా పలకరించలేదు. పొట్టేలు అమ్మిన రోజు తిప్పేస్వామి దగ్గుతూ, నవ్వుతూ పగ్గం చేతికిచ్చాడు. "బంగారం బావా ఇది" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే మారెప్పకు ముద్ద దిగదు. సొంతమనిషి చేసిన మోసానికి మందు ఏ డాక్టరు దగ్గరా లేదు. 2080 వచ్చినా రాలేదు.

అప్పటికి అనంతపురం వైపు ఆకాశం కింద ఖాళీ నేల కనిపించడం తక్కువ. కనుచూపు మేర సూర్యపలకలే. యంత్రాలు రోజూ ఆ పలకలను కడిగితే నీళ్లు కారి కింద గడ్డి మొలిచేది. గడ్డి పెరిగి పలకల మీద నీడ పడితే కరెంటు తగ్గుతుంది. కోసే యంత్రాలకు రాళ్లు తగిలి పళ్లు విరిగిపోతుంటే, చివరికి కంపెనీల వాళ్లు గొర్రెల కాపర్లనే బతిమాలుకున్నారు. ఒక్కో మందకు ఇన్ని ఎకరాలని ఏడాదికి రాసిస్తారు. మంద ఒక వారం రాకపోతే ఆ ఎకరాలు ఇంకొకరికి పోతాయి. గడ్డి ఆగదు కదా మరి.

మారెప్ప మందకు ముందు నడిచేది ఎర్రక్క అనే గొర్రె. పుట్టిన నాడే తల్లి పోతే, మారెప్ప భార్య హొన్నూరమ్మ పాలలో ముంచిన వేలు చీకించి పెంచింది. ఇప్పటికీ మారెప్ప సద్ది విప్పితే మొదటి ముద్ద ఎర్రక్కదే. ఆలస్యమైతే వెనకనుంచి వచ్చి వీపులో పొడిచేది.

దాని మెడలోనే ముందుగంట ఉండేది. పశువైద్య శాస్త్రవేత్త డాక్టర్ పర్వీన్ కనిపెట్టిన పరికరం అది. చూడటానికి మామూలు ఇత్తడి గంటే. లోపల మాత్రం గోరంత సెన్సర్లు ఒళ్లు వేడినీ, నెమరునీ, గుండె లెక్కనీ చూసేవి. చుట్టూ ఉన్న మంద విడిచే ఊపిరిని పసిగట్టేవి. రోగం పైకి కనబడకముందే గంట నోరు విప్పి చెప్పేది. ఒంటి మీదనుంచి తీసి పక్కన పెడితే చల్లబడి, ఆ కబురు నేరుగా జిల్లా కేంద్రానికి చేరిపోయేది.

దానికి పర్వీన్ ఒక మర్యాద కూడా నేర్పింది. రోగం ఛాయ కనిపిస్తే కేంద్రానికి చెప్పేముందు ఒక పగలు యజమానికి వదిలిపెడుతుంది. ఆలోగా గుర్తులు పోతే హెచ్చరిక రద్దు.

గంటలు పంచిన రోజున హొన్నూరమ్మ అడిగింది. "ఆ పగలు మాకెందుకమ్మా? రోగమని తెలిస్తే మీకే తెలిసిపోనీ."

"జీవాలు మీవి. ముందు మీకే తెలియాల. పక్క మందల వాళ్లకు మీ నోటితో మీరే చెప్పుకుంటారు" అంది పర్వీన్.

"మేమా?" అని హొన్నూరమ్మ నవ్వింది. సంతోషంతో నవ్వుతోందనుకుంది డాక్టరమ్మ.

ఆ ఏడు పాత టీకాకు లొంగని కొత్త పారుడు రోగం బళ్లారి దిక్కునుంచి వస్తోందని వార్తలు. మొదట జ్వరం, తర్వాత ముక్కూ కళ్లూ కారడం, నోట్లో పుండ్లు, చివరికి పారుడు. తాకితే అంటుకుంటుంది. సంతకు ముందురోజు సాయంత్రం, మంద దొడ్డిలోకి వస్తుండగా ఎర్రక్క మెడలోని గంట మెల్లగా పలికింది.

"యజమాని గారూ, ఒక్క మాట. మీ మంద ఊపిరిలో కొత్త పారుడు ఛాయ కనిపిస్తోంది. ఎర్రక్కకు రేపటికి జ్వరం రావచ్చు. మిగతావాటిలో ఎన్నింటికి సోకిందో ఇంకా తెలియదు."

మారెప్ప అక్కడే నిలబడిపోయాడు. "ఇంకోసారి సూడు" అన్నాడు.

"చూశాను. అవే గుర్తులు. ఇప్పుడే దొడ్డిలో కట్టి, ఎర్రక్కను వేరు చేస్తే చాలా జీవాలు దక్కుతాయి. బయటికి తోలితే పక్క మందలకూ అంటుకుంటుంది. రేపు సాయంత్రం దాకా ఈ సంగతి మీకూ నాకూ మధ్యనే ఉంటుంది."

"దొడ్లో కట్టేస్తే పలకల కింద మేత ఇంకొకడికి రాసిచ్చేస్తారు గదా. అప్పుడు నేనేం పెట్టల్ల వీటికి?"

"ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. క్షమించండి."

మారెప్ప చాలాసేపు ఎర్రక్క గొంతు కింద గోకుతూ కూర్చున్నాడు. తర్వాత గంట విప్పాడు. కంబళి ముక్కలో చుట్టి, చొక్కా కింద నడుముకు బిగించి కట్టుకున్నాడు. ఈ కిటుకు ఆ వైపు కాపర్లందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. మనిషి ఒళ్లు గొర్రె ఒంటి కన్నా చల్లన. కంబళి చుడితే ఆ తేడా తీరుతుంది, మంద ఊపిరి కూడా లోపలికి అందదు. మనిషికి గొర్రె రోగం రాదు కాబట్టి గంట చూసేవన్నీ మంచి గుర్తులే అవుతాయి. సాయంత్రానికి హెచ్చరిక రద్దు.

హొన్నూరమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. "యాడికి?"

"పొద్దున సంతకు. మంచిగా కనబడేటివి తోలకపోతా. రోగం బయటపడేలోపల వాటి దుడ్డన్నా దక్కల్ల గదా."

"ఎర్రక్కను గూడానా?"

"దాన్నెట్ల అమ్మేది? మతుండే మాట్లాడతాండావా?"

"మిగతావి నీవి కాదా?"

మారెప్ప లోపలికి పోయాడు. అన్నం పెడితే కలిపి వదిలేశాడు. పొద్దున సద్ది కూడా మరిచిపోయి వెళ్లాడు.

కేంద్రం హెచ్చరిక ఉన్న మంద వస్తే సంత గేటు దగ్గర ఎర్రదీపం వెలుగుతుంది; మారెప్పకు పచ్చదీపమే వెలిగింది. గంట ఇంకా గుట్టు విప్పలేదు. లోపలికి పోయి గొర్రెలను నిలబెట్టాడో లేదో శివగంగ అనే అమ్మాయి వచ్చింది. కొత్తగా మంద కడుతోందట. పళ్లు చూసింది, వెన్ను తడిమింది, ఒక్కో గొర్రె చెవి నిమిరింది. బేరం ఆడనే లేదు.

"పెద్దనాయనా, వీటికి పేర్లుండాయా?"

"ఎందుకమ్మా?"

"కొత్త చోట బెదురుతాయి గదా. మీరు పిలిచే పేర్లతోనే పిలుస్తా. చెప్పండి, నేర్చుకుంటా."

మారెప్ప ఒక్కో దాన్ని చూపించి చెప్పాడు. సన్నచెవుల్ది, బొల్లి, గయ్యాళి, పూజారమ్మ. ఆ పిల్ల వేళ్లు మడుస్తూ తిరిగి అప్పజెప్పింది. గయ్యాళి అని పిలిస్తే గయ్యాళి తలెత్తి చూసింది. శివగంగ ముఖం వెలిగిపోయింది. మారెప్పకు చెవుల్లో గుండె కొట్టుకోవడం వినిపించింది, వీపంతా చెమట పట్టింది.

అప్పుడు అతని చొక్కా కిందనుంచి గంట గణగణ మోగింది. చుట్టూ బేరాలు ఆగిపోయాయి. గంట ఎప్పటిలాగే మర్యాదగా చెప్పుకుపోయింది.

"ఈ జీవం బాగా బెదిరి ఉంది. గుండె వేగం ఎక్కువ. రెండు పూటలుగా మేత ముట్టలేదు. దయచేసి అరవకండి, కొట్టకండి. నీడకు తీసుకెళ్లి నీళ్లు చూపించండి. మందలో దీనికి చనువున్న జీవాన్ని పక్కన నిలబెట్టండి."

ఆ తర్వాత సంతంతా నవ్వు.

"మారెప్పన్నా, సూది ఏసుకుంటావా, బిళ్ల మింగుతావా?"

"మేత ఎయ్యండప్పా ఆ జీవానికి. పాపం, రెండు పూటలంట."

"పళ్లు సూడు ముందు. వయసు మీరినట్టుండాది."

నవ్వుతున్న వాళ్లలో కొందరి చేతులు తమ నడుముల మీదికి పోయాయి. నవ్వనిది శివగంగ ఒక్కతే. ఆ పిల్ల తన నీళ్ల సీసా మూత తీసి అతని చేతిలో పెట్టింది. మారెప్ప తాగలేదు.

"కొనొద్దు తల్లీ" అన్నాడు. "నా మందలో పారుడు వచ్చిండాది. వీటిల్లో గూడా ఉంటాది. ఎవురూ దగ్గరికి తోలొద్దండప్పా మీ జీవాల్ని."

ఇక నవ్వు లేదు. ఎవరి గొర్రెలను వాళ్లు లాక్కుని దూరం పోయారు. ఖాళీ అయిన జాగాలో మారెప్ప కూలబడ్డాడు. నడుముకు గంట ఇంకా చెబుతూనే ఉంది, చనువున్న జీవాన్ని పక్కన నిలబెట్టమని. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. తల తిప్పితే తిప్పేస్వామి.

"నువ్వు పో" అన్నాడు మారెప్ప.

"గంట రమ్మనింది గదా బావా."

"నిన్ను కాదు రమ్మనింది."

"మరింకెవురున్నారు నీకు ఈడ?" తిప్పేస్వామి తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ పొట్టేల్ని నీకిచ్చిన పొద్దు నా నడుముకు గూడా గంట ఇట్లనే ఉండె. ఇట్లనే మోగె. అప్పటి గంటలకు మాట రాదు, ఉత్త మోతే. దగ్గి దగ్గి ఆ మోత కప్పెట్టుకుంటిని. పక్కన మా జీవాలు ఉండె గదా, వాటి గంటే అనుకుంటివి నువ్వు. నా మేత కూడా ఆ ఏడే పోయింది బావా. నువ్వు పలకలేదు కాబట్టి నీకు తెలీదు."

మారెప్పకు ఆ దగ్గు గుర్తొచ్చింది. రెండేళ్లుగా ఆ నవ్వునే తిట్టుకున్నాడు, దగ్గుని ఎప్పుడూ తలుచుకోలేదు.

"గాడిద కొడకా" అన్నాడు చివరికి. "ఆ పొద్దు దగ్గకుండా ఉండాల్సింది."

"నువ్వు ఈ పొద్దు దగ్గల్యా గదా" అన్నాడు తిప్పేస్వామి. "లేయ్. ఇంటికి తోలకపోదాం. నేను వెనకాల అదిలిస్తా."

గంట మోత ఆగిపోయింది. "జీవం తేరుకుంటోంది" అంది.

సాయంత్రం కబురంది డాక్టర్ పర్వీన్ వచ్చేసరికి మంద దొడ్డిలో ఉంది. ఎర్రక్క విడిగా పందిరి కింద హొన్నూరమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఉంది. మారెప్ప నడుముకున్న గంట విప్పి ఇచ్చాడు. పర్వీన్ దాన్ని చాలాసేపు తిప్పి చూసింది.

"గొర్రెకూ మనిషికీ తేడా దీనికి తెలీదు" అంది. "నేను నేర్పలా. నేర్పాల్సి వస్తాదని అనుకోలేదు."

"ఆ పొద్దు నేను నవ్వితి గదమ్మా" అంది హొన్నూరమ్మ.

ఆ సంత తర్వాత ముందుగంట పేరు ఊరూరా పాకింది. పర్వీన్ అనుకున్న పనికి మాత్రం కాదు. ఇప్పుడు సంతలో గొర్రె మెడలో గంట ఎవరూ చూడరు. కొనేవాడు వస్తూనే గంట తీసి అమ్మేవాడి చేతికిచ్చి, "నడుముకు కట్టుకో, తర్వాత బేరం" అంటాడు. గొర్రెలతో మొదలై ఎడ్లకు, భూములకు, పెళ్లి చూపులకు కూడా అదే. మరుసటి ఏడుకల్లా గుండెను నిదానంగా ఉంచే మాత్రలు వచ్చాయి. సంత గేటు పక్కనే తమలపాకుల బుట్టలో పెట్టుకుని అమ్ముతున్నారు. అవి మింగినవాడు ఎంతటి అబద్ధమైనా చల్లగా ఆడతాడు, గంట కూడా "జీవం ఆరోగ్యంగా ఉంది" అని చల్లగా చెబుతుంది.

మారెప్పా తిప్పేస్వామీ ఇప్పుడు మందలు కలిపి ఒక్కటిగా తోలుతున్నారు. ఆ మందకు గంట లేదు. ఎవరైనా దగ్గితే రెండోవాడు తిరిగి చూస్తాడు. దక్కినవాటిలో బొల్లినీ, గయ్యాళినీ శివగంగ వచ్చి కొనుక్కుంది, వాటి పేర్లు మరిచిపోకుండా.

ఆ ఏడు మారెప్పకు పోయినవి: పలకల కింద నూట ఇరవై ఎకరాల మేత, పద్దెనిమిది గొర్రెలు. అందులో ఎర్రక్క ఒకటి.