అతుక్కోని బట్టలు

అంగారకుడి మీది అరుణపురంలో పుట్టిన పిల్లలకు చీర కాళ్లకు అతుక్కోవడమంటే తెలియదు. పెద్దవాళ్లు చెబితే నవ్వుతారు.

ఊరంతటినీ కప్పిన గాజుకప్పు కింద గాలిలో తేమ ఉండదు. పూర్వం ఆరిన బట్టలు స్థిరవిద్యుత్తుతో ఒకదాన్నొకటి పట్టుకొని చిటపటలాడేవి. లంగా చీరను వదిలేది కాదు. ఆ బాధ తీర్చడానికి శాస్త్రవేత్త హైమావతి ఇరవై ఏళ్ల కిందట ‘ఏకావేశిని’ తయారుచేసింది. ఆ యంత్రం బట్టలన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఇస్తుంది. ఒకే ఆవేశమున్నవి ఒకదాన్నొకటి దూరంగా నెడతాయి కనుక ఏదీ దేనికీ అంటుకోదు. ఆ బట్టలు వేసుకున్న మనుషులకూ ఎవరో కొద్దిగా తోసినట్టు తెలిసేది. ఊరు అలవాటుపడింది. బారెడు దూరంలో నిలబడి మాట్లాడుకోవడం మర్యాద అయింది.

ఆ రోజు మధ్యాహ్నం హైమావతి చెల్లెలు తరళ శనిగ్రహం వైపు వెళ్లే రోదసి నౌక ఎక్కబోతోంది. దానికి తిరుగు ప్రయాణం లేదు. చెల్లెల్ని ఒక్కసారి గుండెలకు హత్తుకోవాలని పొద్దుటినుంచీ హైమావతికి ఒకటే ఆరాటం. ఆ యంత్రం ఉన్న ఊరి ఉతుకుశాలకు పరుగెత్తింది.

“ఓబులేసూ, ఒక్క పూట ఏకావేశిని ఆపు. మా ఇద్దరి చీరలూ అది లేకుండా ఉతికిపెట్టు.”

మెకానిక్ ఓబులేసు తల గోక్కున్నాడు. “ఆపేదేముందమ్మా! అది చెడిపోయి పదకొండు నెలలైంది.”

“మరి బట్టలు అతుక్కోవడం లేదే?”

“ఆరబెట్టేటప్పుడు చెంబుడు నీళ్లు ఆవిరి చేసి వదులుతున్నా. తేమ తగిలితే స్టాటిక్ నిలవదు కదా. మొన్న మీ యంత్రానికి దండేసి, మీకు శాలువా కప్పారు చూడండీ, ఆ సన్మానం నా చెంబుకి జరగాల్సింది. మీరు బాధపడతారని నోరు మూసుకున్నా.”

హైమావతికి కోపం రాలేదు. ప్రాణం లేచొచ్చింది. నౌక దగ్గరికి వెళ్లింది.

తరళ బారెడు దూరంలో ఆగింది. “మాత్రలు మర్చిపోకక్కా.”

“దగ్గరికి రావే. యంత్రం పాడై ఏడాది కావొస్తోంది. బట్టల్లో ఏమీ లేదు.”

“ఛ! నిన్న నీ పక్కన కూర్చోబోతే తోసిందిగా!”

“లేదే. నా మాట నమ్ము.”

తరళ ఒక అడుగు వేసి ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. “మరి నన్ను నెడుతున్నదెవరక్కా?”

ఎవరో ఛాతీకి అరచెయ్యి ఆన్చి తోస్తున్నట్టు హైమావతికీ తెలుస్తోంది. చేతులు చాచింది. తరళ కూడా చాచింది. వేళ్ల మధ్య జానెడు దూరం ఉండగా నౌక నుంచి పిలుపు వచ్చింది.

ఇద్దరి భుజాలూ ఒక్కసారిగా తేలికపడ్డాయి. ఇక హత్తుకోనక్కర్లేదన్న ఆ ఊరటను ఒకరిలో ఒకరు చూసుకున్నారు.