బాబాయి నుదుటి వెనక

మధ్యాహ్నం బెల్లు మోగి అయిదు నిమిషాలైంది. ఆరో తరగతి ఆడపిల్లలు వరండాలో గుండ్రంగా కూర్చుని క్యారేజీలు విప్పుతున్నారు. దుర్గాశ్రీ ఒక్కతే చేతులు ముడుచుకుని కూర్చుంది. పొద్దున్న హడావుడిలో క్యారేజీ ఇంటి దగ్గరే మరిచిపోయింది.

పక్కనున్న పావని తన పులిహోరలో సగం మూతలో పెట్టి ఇవ్వబోయింది. అంతలో గేటు దగ్గర్నుంచి ఒక కేక వినిపించింది.

"ఒసే దుర్గా, అన్నం తెచ్చానే!"

దుర్గాశ్రీ తల దించేసుకుంది. వచ్చింది వాళ్ళ బాబాయి చంద్రరావు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. కొత్తగా చేరిన వాచ్‌మన్ అబ్బులు ఆపుతున్నా ఆగకుండా, క్యారేజీ ఊపుకుంటూ తిన్నగా పిల్లల మధ్యకి వచ్చేశాడు. మూతలో ఉన్న పులిహోర గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు లేదు. ఎవరు చేశారిది?" అన్నాడు.

పిల్లలు గొల్లున నవ్వారు. పావని మొహం చిన్నబోయింది. అది వాళ్ళమ్మ చేసిన పులిహోర.

అబ్బులు రొప్పుతూ వచ్చి, ఈయన ఎవరి ఇంటి మనిషని అడిగాడు. ఒకరిద్దరు దుర్గాశ్రీ వైపు చూశారు. ఆమె చెవులు వేడెక్కిపోయాయి.

"నాకు తెలీదు" అంది.

బాబాయి ఆమె వైపు ఒక్క క్షణం చూశాడు. క్యారేజీ ఆమె ఒళ్ళో పెట్టాడు. అబ్బులు రెక్క పట్టుకుంటే అతని వెంట వెళ్ళిపోయాడు.

క్యారేజీ మూత మీద దుర్గాశ్రీ పేరు చెక్కి ఉంది. పావని అది చూసింది. చూపు తిప్పుకుని తన పులిహోర తినసాగింది. దుర్గాశ్రీకి మాత్రం ఆ అన్నం ఒక్క ముద్ద కూడా గొంతు దిగలేదు.

పది నెలల కిందటి వరకూ బాబాయి ఇలా ఉండేవాడు కాదు. రామచంద్రపురం బజారులో వాళ్ళకి బట్టల కొట్టుంది. నలభై చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయినవాళ్ళని కూడా "మళ్ళీ రండమ్మా" అని సాగనంపేవాడు. దుర్గాశ్రీ లెక్కల్లో తప్పు మీద తప్పు చేస్తే, విసుక్కోకుండా పక్కన కూర్చుని పెన్సిల్ చెక్కి ఇచ్చేవాడు.

ఒక సాయంత్రం కాలవగట్టు మీద స్కూటర్‌కి గేదె అడ్డొచ్చింది. బాబాయి ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు. పదకొండు రోజులు కాకినాడ ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చాడు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, అందరినీ గుర్తుపడుతున్నాడు. గండం గడిచిందని అంతా సంతోషించారు.

కానీ నోటికొచ్చిన మాట అనేస్తున్నాడు. కొట్టుకి వచ్చిన ఒక పెద్దావిడతో, ఈ రంగు కట్టే వయసా మీది అన్నాడు. ఉన్నట్టుండి నవ్వుతాడు, అంతలోనే కసురుతాడు. నాయనమ్మ దిష్టి తగిలిందంది. వీధిలో వాళ్ళు పొగరెక్కిందన్నారు. దుర్గాశ్రీకి మాత్రం, అతను కావాలనే చేస్తున్నాడని లోపల్లోపల కోపం.

బాబాయి బడికి వచ్చిన రోజు రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. బాబాయి పచ్చడి కలుపుకుంటూ అన్నాడు.

"దుర్గ నన్ను తెలీదంది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. బాబాయి గొంతులో కోపం లేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు చెప్పి, ఇంకాస్త నెయ్యి వెయ్యమన్నాడు. నాయనమ్మ కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. దుర్గాశ్రీని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండునని ఆమెకి అనిపించింది.

శనివారం బాబాయిని కాకినాడలో డాక్టరుగారికి చూపించాలి. నాన్న దుర్గాశ్రీని కూడా బయల్దేరమన్నాడు.

డాక్టరుగారు నెరిసిన జుట్టున్న పెద్దావిడ. గోడ మీద లైటు వేసి, స్కానింగ్ ఫిల్మ్ తగిలించారు. అందులో బాబాయి తల లోపలిది నల్లగా, తెల్లగా కనిపించింది. అక్రోటు పప్పులా ఉందనుకుంది దుర్గాశ్రీ. ఆమె కళ్ళార్పకుండా చూడటం గమనించి డాక్టరుగారు దగ్గరికి పిలిచారు. మెదడంతా కలిసే పనిచేస్తుంది గానీ ఒక్కో చోటు ఒక్కో పని ఎక్కువగా చూసుకుంటుందని చెప్పారు. తల వెనక భాగం కళ్ళు చూసినదాన్ని పోల్చుకుంటుంది. చెవుల పక్క భాగం విన్నదాన్ని అర్థం చేసుకుంటుంది. మెడకి పైన, మెదడు అడుగున ఉన్న చిన్న భాగం నడిచేటప్పుడు తూలిపోకుండా చూస్తుంది.

తర్వాత ఆవిడ దుర్గాశ్రీ నుదుటి మీద వేలు పెట్టారు.

"ఇదిగో, దీని వెనక ఉన్నది ముందూ వెనకా చూస్తుందమ్మా. ఈ మాట అనొచ్చా, ఎదుటివాళ్ళు బాధపడతారా, ఇది మన వంతేనా అని చూసి, కాదంటే ఆపుతుంది. మీ బాబాయికి దెబ్బ తగిలింది ఇక్కడే."

"అయితే కావాలని చెయ్యట్లేదాండి?" అంది దుర్గాశ్రీ.

"లేదమ్మా. నోటిదాకా వచ్చిన మాట అందరికీ ఆగుతుంది. ఆయనకి ఆగదు."

 దుర్గాశ్రీ మెల్లిగా, బాబాయికి నేనంటే ఇష్టం కూడా పోయిందా అని అడిగింది.

డాక్టరుగారు జవాబు చెప్పే లోపే నాన్న అందుకున్నాడు. "మొన్న నీకు క్యారేజీ పట్టుకెళ్ళమని వాడికి ఎవరూ చెప్పలేదమ్మా. అరుగు మీద చూసి, దుర్గకి ఆకలేస్తుందంటూ చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో పరిగెత్తాడు."

దుర్గాశ్రీ చెయ్యి తన నుదుటి మీదికి వెళ్ళింది. తనకి అక్కడ ఏ దెబ్బా తగల్లేదు. అయినా ఆ రోజు, తెలీదన్న మాటని ఆపుకోలేకపోయింది.

కొంత నయమవుతుందని, కొంత కాకపోవచ్చని డాక్టరుగారు దాచకుండా చెప్పారు. ఏదైనా ముందే చిన్న చిన్న మాటల్లో చెప్పాలట. నలుగురిలో కసరకూడదట. చెయ్యి పట్టుకుంటే నెమ్మదిస్తాడట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బాబాయి కిటికీ పక్కన కూర్చున్నాడు. దుర్గాశ్రీ అతని పక్కన చేరింది.

"బాబాయ్, ఆ రోజు అబద్ధం చెప్పాను."

"తెలుసు" అన్నాడు బాబాయి. "వేరుశనక్కాయలు కావాలి."

నాన్న కొనిచ్చిన పొట్లంలోవి ఆమె దారంతా ఒలిచి ఇస్తూనే ఉంది.

సోమవారం బడిలో పావనికి జరిగిందంతా చెప్పింది. పావని ఆలోచించి, ఆ రోజు పులిహోరలో నిజంగానే ఉప్పు లేదంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్ళారు. కొండ మీద ఇసకేస్తే రాలని జనం. వ్రతం అయ్యాక, నాయనమ్మకి కాళ్ళు పీకుతున్నాయని అమ్మానాన్నా ఆవిడని నీడకి తీసుకెళ్ళారు. బాబాయిని తీసుకుని ప్రసాదం దగ్గరికి తను వెళ్తానంది దుర్గాశ్రీ. వరస ఉంటుందనీ, వంతు వచ్చేదాకా చెయ్యి వదలొద్దనీ అతనికి ముందే చెప్పింది. బాబాయి తలూపాడు.

పావుగంట బాగానే నిలబడ్డాడు. ఇంతలో వెనక్కి జారిపోయిన పైట సర్దుకుందామని ముందున్న ఒకావిడ ఆగితే, వరసలో తోపులాటయింది. చెయ్యి జారింది. లావుపాటి మీసాలున్న ఒకాయన ప్రసాదం ఆకు పొట్లాలతో ఎదురొస్తున్నాడు. బాబాయి చటుక్కున ఒకటి లాక్కుని విప్పి తినేశాడు.

ఆయన బాబాయి చొక్కా పట్టుకున్నాడు. ఇంత మనిషికి సిగ్గులేదా అన్నారెవరో. దుర్గాశ్రీ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆమె, బాబాయి కలిసి వచ్చారని అక్కడెవరికీ తెలీదు. వరసలో వెనక, వాళ్ళ స్కూలు పిల్లలు ఇద్దరు మెడలు సాచి చూస్తున్నారు. ఆమె చెవులు మళ్ళీ వేడెక్కాయి.

ఆమె జనాన్ని తోసుకుంటూ వెళ్ళి బాబాయి చెయ్యి పట్టుకుంది.

"మా బాబాయండి. తలకి దెబ్బ తగిలింది. ఆగడం ఆయనకి కష్టమండి. మా వంతు రాగానే మీ పొట్లం మీకిచ్చేస్తాం. ఏమీ అనుకోకండి."

 ఆయన చొక్కా వదిలేశాడు.

"ఈయన మీసం బాగోలేదు" అన్నాడు బాబాయి.

 ఆయన మీసం తడుముకుని, "మా ఆవిడా అదే అంటుందమ్మా" అన్నాడు. పొట్లం అక్కర్లేదు, తిననీ అని వెళ్ళిపోయాడు.

ఈ గొడవలో వాళ్ళ చోటు పోయింది. ఇద్దరూ వరస చివరికి వెళ్ళారు. అక్కడ వాళ్ళ స్కూలు పిల్లలే ముందున్నారు. దుర్గాశ్రీ వాళ్ళకి మా బాబాయి అని చెప్పి, అతని చెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడా?" అన్నాడు బాబాయి.

"ఇంకా కాదు బాబాయ్."

వరస రెండడుగులు కదిలింది.

"ఇప్పుడా?"

"ఇంకా కాదు. నేను చెప్తాగా."